గువ్వలచెరువు ఘాటు దాటించినా పిల్లుల బెడద తీరదు: మా కాలనీ సంఘానికి బహిరంగ లేఖ

కాలనీ నివాసుల సంక్షేమ సంఘం అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, ఆదివారం సమావేశానికి రాబోయే ఇరుగుపొరుగు అందరికీ నమస్కారం.

నీళ్ల ట్యాంకు గోడకు అంటించిన నోటీసు చదివాను. ఇంటికి 300 రూపాయల చొప్పున వసూలు చేసి, పట్టేవాళ్లను పిలిపించి, కాలనీలోని పిల్లులన్నిటినీ రాయచోటి వైపు కొండదారి అయిన గువ్వలచెరువు ఘాటు దాటించి వదిలిపెట్టాలని ప్రతిపాదన. ఆదివారం ఉదయం పది గంటలకు తీర్మానం. నోటీసు కింద అప్పటికే పద్నాలుగు సంతకాలు ఉన్నాయి. పదిహేనో సంతకం నాది కావాలని ఎదురింటి తమ్ముడు కలం చేతికిచ్చాడు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో అక్కడ నిలబడి రెండు మాటల్లో చెప్పడం నా వల్ల కాలేదు. కడపలో మరి కొన్ని వీధుల్లో కూడా ఇలాంటి ఆలోచనే సాగుతోందని విన్నాను. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

బెడద లేదని నేను అనడం లేదు. రాత్రి రెండు గంటలకు మేడ మీద గండుపిల్లులు పసిబిడ్డ ఏడ్చినట్టు అరుస్తుంటే నాకూ మెలకువ వస్తోంది. మా స్కూటరు సీటు రెండుసార్లు చీలిపోయింది. తెల్లవారి ముగ్గు వేయబోతే గడప పక్క గోడ మీద మూత్రం చిమ్మి ఉంటుంది. ఎన్ని బకెట్ల నీళ్లు కొట్టినా ఆ వాసన వదలదు. కార్తీకం వచ్చినప్పటి నుంచి వంటింట్లో దూరడం మరీ ఎక్కువైందని రెండో వీధి అక్కలు అంటున్నది నిజమే. ఈ నెలంతా చాలా ఇళ్లలో మాంసం, చేపలు వండరు. పెరటి గోడ అవతలికి విసిరే ముల్లూ ఎముకా ఆగిపోయాయి. వాటికి అలవాటుపడ్డ పిల్లులు ఆకలికి ఆగలేక కిటికీల్లోంచి లోపలికి వస్తున్నాయి.

అన్నిటికన్నా మిమ్మల్ని భయపెట్టింది మూడో వీధి బాబు చేయి గీరుకుపోవడం. మెట్ల కింద ఉన్న కూనలను పట్టుకోబోతే తల్లిపిల్లి మీదికి దూకింది. నేను వెళ్లేసరికి సాయంత్రమైంది. వాళ్ల నాయనమ్మ గాయానికి పసుపు అద్ది గుడ్డ కట్టింది. నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. అందులో చాలా కాలం కుక్కకాటు సూదులు వేసే గదిలోనే గడిచింది. అందుకని ఈ ఒక్క విషయం కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

రేబిస్ కుక్కల ద్వారానే కాదు, పిల్లుల ద్వారా కూడా వస్తుంది. పిల్లి కరిచినా, గోళ్లతో గీరినా ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని మరీ కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం లోపలికి వేసే పద్ధతిలో మొదటి సూది పడిన రోజును సున్నాగా లెక్కపెట్టి 3, 7, 28 రోజుల్లో మళ్లీ వేస్తారు. నెత్తురు వచ్చేంత గాయమైతే గాయంలోను, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, వెంటనే రక్షణ ఇచ్చే మందు కూడా వేయాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ టీకాకు డబ్బు తీసుకోరు. రోగ లక్షణాలు మొదలయ్యాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. నా ఉద్యోగంలో అలాంటి మనిషిని ఒక్కసారి చూశాను. నీళ్ల గ్లాసు నోటి దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోయి వణికిపోయాడు. ఆ తర్వాత ఏ గీతనూ చిన్నదని నేను వదల్లేదు. మన బాబుకు రెండు సూదులు పడ్డాయి. మిగతా తేదీలు వాళ్లమ్మ క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టుకుంది.

ఆ భయంలోంచే ఈ నోటీసు పుట్టిందని నాకు తెలుసు. అయితే పిల్లులను మోసుకుపోయి ఎక్కడో దించి వస్తే ఈ భయం పోదు. ఎందుకంటే ఆ పని మనం ఇదివరకే చేశాం.

కొత్తగా ఇళ్లు కట్టుకుని వచ్చినవారికి తెలియదు. ఆరేళ్ల కిందట దసరా ముందు, ఇంటికి వంద రూపాయలు వేసుకుని ఇద్దరు మనుషులను పిలిపించాం. గోనె సంచులు ఇచ్చింది నేనే. తీర్మానం పుస్తకంలో నా సంతకం ఇప్పటికీ ఉంటుంది. రెండు రోజుల్లో పదకొండు పిల్లులను పట్టారు. సంచుల మూతులు బిగించి ఆటోలో వేసుకుని పోయారు. ఎక్కడ వదిలారని నేను అడగలేదు. పని అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు రాత్రి మా సామాన్ల గది అటక మీదినుంచి సన్నని కూత వినిపించింది. నిచ్చెన వేసి చూస్తే పాత చాపల చుట్టలో మూడు కూనలు. కళ్లు ఇంకా పూర్తిగా తెరవలేదు. తల్లిని మనం సంచిలో పంపేశాం. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. మా అటక దానికి ఎన్నో ఇల్లో నాకు తెలియదు, తర్వాతి ఇంటికి తిప్పే అవకాశం మాత్రం దానికి దొరకలేదు. దూది తడిపి, ఇంకుఫిల్లరుతో, ఆవుపాలు పట్టాను. ఆవుపాలు పిల్లికూనల కడుపుకు సరిపడవని నాకప్పుడు తెలియదు. ఇన్నేళ్లు పసిపిల్లల వార్డుల్లో తిరిగిన దాన్ని, అరచేతిలో పట్టే రెండు ప్రాణాలను నిలబెట్టలేకపోయాను. మూడోది బతికింది. తెలుపు, నలుపు, ఎరుపు మూడు రంగులూ ఉన్న కూన. మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుంది. తర్వాత ఈ సంగతి చెప్పింది పశువైద్యుడు.

దాన్ని పెంచాను కానీ పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించలేదు. ఇంకా చిన్నదే కదా అనుకున్నాను. ఆరో నెల నిండేసరికి అది కడుపుతో ఉంది. రెండేళ్లలో నాలుగు ఈతలు ఈనింది. దాని కూతుళ్లు కూడా అంతే తొందరగా తల్లులయ్యాయి. ఇప్పుడు మీరు మేడల మీద, ప్రహరీల మీద చూస్తున్న పిల్లుల్లో చాలావాటికి అది తల్లో అమ్మమ్మో. మిగతావి బుగ్గవంక వాగు గట్టు వైపు నుంచి వచ్చినవి. దసరాకు పదకొండింటిని పంపాం. మళ్లీ దసరా వచ్చేసరికి పద్నాలుగు ఉన్నాయి.

ఇది మన కాలనీ దురదృష్టం కాదు. పిల్లుల తీరే అంత. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకు వస్తుంది, కొన్ని ఇంకా ముందే. మోసేది తొమ్మిది వారాలు. ఈతకు మూడు నుంచి ఐదు కూనలు. పాలిచ్చే రోజుల్లోనే మళ్లీ ఎదకు రాగలదు. ఒక చోట తిండి, నీడ ఉన్నంతకాలం ఆ చోటు ఖాళీగా ఉండదు. మూల మీద కోడి అంగడి ఉంది, ఖాళీ స్థలాల్లో కంపచెట్లు ఉన్నాయి, మెట్ల కింద సందులున్నాయి. ఉన్నవాటిని ఎత్తేస్తే పక్క వీధుల నుంచి, వంక అవతలి నుంచి కొత్తవి వస్తాయి. కొత్త గండుపిల్లులు హద్దుల కోసం కొట్లాడుకుంటాయి, గోడలకు ఇంకా ఎక్కువగా మూత్రం చిమ్ముతాయి. పోటీ తగ్గిన చోట పుట్టిన కూనలు ఎక్కువగా బతుకుతాయి. పెన్న ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. తోడేకొద్దీ ఊరుతుందని వారికి చెప్పనవసరం లేదు.

ఇక ఆ ఘాటు సంగతి. ఇళ్ల మధ్య పుట్టిన పిల్లికి ఆ ఘాటు ఉన్న పాలకొండల్లో నీటి జాడ తెలియదు. కొన్ని లారీల చక్రాల కింద పడతాయి, కొన్ని ఆకలికి పోతాయి, గట్టివి రెండు మూడు కిందికో పైకో నడిచి ఇళ్లున్న చోటికి చేరతాయి. గువ్వలచెరువులోనూ మనలాంటి మనుషులే ఉన్నారు. పాలకోవా కాచుకుని బతుకుతున్న ఆ ఊరి వాళ్ల పాల దగ్గరికి మన పిల్లులను పంపే హక్కు మనకు ఎవరిచ్చారు? రేపు రాయచోటి వైపు వాళ్లు తమ పిల్లులను తెచ్చి మన వంక గట్టున దించితే మనం ఒప్పుకుంటామా?

చట్టం మాట కూడా తెలుసుకుని సంతకం పెట్టండి. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచి ఉంది. ఆకలికో దాహానికో అల్లాడే పరిస్థితిలో సరైన కారణం లేకుండా జంతువును వదిలేయడం దాని 11వ సెక్షను కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే, ఆ మొత్తం ఏనాడో మార్చవలసింది. విషం పెట్టడం మాత్రం చిన్న నేరం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

విషం మాట ఊరికే ఎత్తలేదు. పోయిన నెల ట్యాంకు వెనక ఎర్ర గండుపిల్లి నోటి వెంట నురగతో పడి ఉంది. పక్కన సగం తిన్న చేప తల. ఎవరు పెట్టారో నేను వెతకలేదు, వెతకను. కానీ ఆ చేప తలను కాకి ఎత్తుకుపోయి ఎవరి మేడ మీదనో, ఎవరి తెరిచిన నీళ్ల తొట్టిలోనో పడేసి ఉంటే? మన వీధుల్లో పాకే పిల్లలు ఉన్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. పిల్లులు రాకుండా మెట్ల మీద కలరా ఉండలు చల్లుతున్నవారికి కూడా ఇదే మనవి. అవి పిల్లులకు విషం, తెల్లగా బిళ్లల్లా కనిపిస్తాయి కాబట్టి పసిపిల్లలకు ఇంకా ప్రమాదం. ఈ సాయంత్రమే ఏరి పారేయండి.

మరి ఏం చేయాలి? నేను నా పిల్లితో తెలుసుకున్నది చెబుతాను. మూడేళ్ల కిందట, నాలుగో ఈత తర్వాత, దానికి ఆపరేషను చేయించాను. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అదే రోజు రేబిస్ టీకా వేశారు. ఆపరేషను అయినదని దూరం నుంచే తెలిసేలా మత్తులోనే ఎడమ చెవి కొన కాస్త కత్తిరించారు. నాలుగో రోజుకు మామూలుగా తిరిగింది. ఆ తర్వాత దాని కోసం గండుపిల్లులు మా మేడ ఎక్కలేదు. ఇప్పుడు అది మా వాకిట్లోని కడప బండ అరుగు మీద, పగటి వేడి మిగిలి ఉన్నంతసేపు పడుకుని, చీకటి పడ్డాక లోపలికి వస్తుంది. పైగా మా గుమ్మం దాని జాగా కాబట్టి కొత్త పిల్లులను అటు రానివ్వదు. మీరు మోసుకుపోవాలనుకుంటున్న పిల్లుల్లో అదీ ఒకటి.

గండుపిల్లికి చేయిస్తే అరుపులు, కొట్లాటలు, గోడలకు చిమ్మడం చాలావరకు తగ్గిపోతాయి. ఆపరేషను అయిన మర్నాడే తగ్గుతుందని అనుకోవద్దు, కొన్ని వారాలు పడుతుంది.

పది రాత్రులు టార్చిలైటు పట్టుకుని ఐదు వీధులూ తిరిగి లెక్క రాసుకున్నాను. మొత్తం 17. ఎదిగిన ఆడవి ఏడు, అందులో నాది ఒకటి. గండుపిల్లులు నాలుగు. కూనలు ఆరు. అంటే ముందుగా ఆపరేషను కావలసినవి ఆరు ఆడపిల్లులు. మనవి 84 ఇళ్లు. ఇంటికి 300 అంటే 25,200 రూపాయలు. ఒక పశువైద్యుడితో మాట్లాడాను. రెండు విడతలుగా తెచ్చి ఇస్తే ఆరు ఆడపిల్లులకు, టీకాలతో సహా, ఈ సొమ్ము సరిపోతుందన్నారు, మిగిలినదానితో గండుపిల్లులకు మొదలుపెట్టవచ్చు. అంటే నేను మీ డబ్బు వద్దనడం లేదు. అదే డబ్బును ఆటో కిరాయికి కాకుండా ఆపరేషను బల్లకు పెట్టమంటున్నాను.

ఒకటి రెండింటికి చేయించి ఆపితే ఫలితం ఉండదు. మిగిలినవి ఆ లోటు పూడుస్తాయి. ఆరింటికీ సంక్రాంతిలోపు పూర్తి చేయాలి. పగటి పొద్దు పెరిగేకొద్దీ పిల్లులు ఎక్కువగా ఎదకు వస్తాయి. శివరాత్రి దాకా సాగదీస్తే ఆరు ఆడపిల్లులు ఇరవై కూనలు అవుతాయి. చలికాలంలో గాయం మానడం కూడా తేలిక. మన నలభై దాటే ఎండల్లో బోనులో పెట్టి మోయడం పిల్లికీ మంచిది కాదు, మోసేవాళ్లకూ మంచిది కాదు.

పట్టడానికి సంచులు వద్దు, బోను కావాలి. వారం రోజులు ఒకే చోట, ఒకే వేళకు తిండి పెడితే పిల్లి ఆ వేళకు తానే వస్తుంది. అప్పుడు బోనులో ఎండుచేప పెడితే చాలు. పడగానే బోను మీద దుప్పటి కప్పాలి. చీకటిగా ఉంటే అది శాంతిస్తుంది, తలబాదుకోదు. ఆపరేషనుకు ముందు ఎన్ని గంటలు తిండి ఆపాలో వైద్యుడు చెబుతారు, అది ఖచ్చితంగా పాటించాలి. పాలిచ్చే తల్లి అయితే కూనలు ఎక్కడున్నాయో ముందు కనిపెట్టాలి. కూనలు సొంతంగా తినడం మొదలుపెట్టాక, ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండాక, తల్లిని తీసుకుపోవాలి. ఇంకో అటక మీద ఇంకో మూడు కూనలు మిగిలిపోవడం నేను చూడలేను. ఆపరేషను అయినవాటిని రెండు మూడు రోజులు ఉంచడానికి మా సామాన్ల గది ఇస్తాను. కుట్లు చూసుకోవడం నాకు కొత్త పని కాదు. తర్వాత ఎక్కడ పట్టామో అక్కడే వదలాలి.

వదలడం ఎందుకని ఎదురింటి తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆపరేషను అయిన పిల్లి తన జాగాను కాపాడుకుంటుంది, కానీ పిల్లలను పెట్టదు. దాన్ని కూడా తీసేస్తే ఆ జాగాలోకి పిల్లలను పెట్టేది వస్తుంది. వీధికుక్కల విషయంలో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పిన దారి ఇదే. ఆపరేషను చేసి, నులిపురుగుల మందు, టీకా వేసి, రేబిస్ సోకినవి, సోకిందన్న అనుమానం ఉన్నవి, మనుషుల మీద పడేవి తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. తిండి పెట్టడానికి వార్డుకో చోటు కేటాయించమంది. బడులు, ఆసుపత్రుల వంటి చోట్లకు తర్వాత వేరే ఉత్తర్వు వచ్చింది కానీ వీధుల సంగతి ఇదే. ఆ ఉత్తర్వు కుక్కల గురించి, పిల్లుల గురించి కాదు, నిజమే. కానీ అక్కడ పనిచేసే కారణం ఇక్కడా పనిచేస్తుంది. ముంబయి నగరపాలక సంస్థ పిల్లులకు కూడా ఆపరేషన్లు చేయిస్తోంది.

మన నగరపాలక సంస్థను కూడా అడుగుదాం. కుక్కలకు చేయించే ఆపరేషన్లలో నెలకు కొన్ని రోజులు పిల్లులకు కేటాయించమని సంఘం తరఫున అర్జీ రాసి, ఒక ప్రతి వార్డు సచివాలయంలోని పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శికి ఇద్దాం. మన జిల్లాలోనే, ప్రొద్దుటూరులో, 2008 నుంచి పశువైద్య కళాశాల ఉంది. ఒక శిబిరం పెట్టమని వారిని కోరడానికి సంఘం లెటరుహెడ్డు మీద ఒక పేజీ చాలు. ఆ ఉత్తరం నేనే పట్టుకుని వెళతాను. వారు ఒప్పుకునేదాకా మాత్రం మనం ఆగకూడదు. వాళ్లకు మన వీధి ఒక్కటే కాదు, మనకు సంక్రాంతి గడువు ఉంది.

ఇక మన ఇళ్లలో మనం చేయవలసినవి. కోడి, చేపల వ్యర్థాలను పాలిథిన్ సంచిలో కట్టి గేటుకు వేలాడదీస్తున్నాం. అది పిల్లికి విస్తరి వేసినట్టే. మూత బిగిసే డబ్బాలో పెట్టి, పొద్దున చెత్త బండి వచ్చాక ఇవ్వండి. కోడి అంగడి తమ్ముడితో నేను మాట్లాడాను. రాత్రి అంగడి కట్టేటప్పుడు పేగులు, చర్మం కాలువ పక్కన పోయనని మాట ఇచ్చాడు. ఇల్లు కడుతున్నవారు వీధిలో పోసిన ఇసుక కుప్పల మీద పట్ట కప్పండి. పొడి ఇసుక దొరికితే పిల్లి ఇంకెక్కడికీ పోదు, పగలు అదే ఇసుకలో మన పిల్లలు గుజ్జనగూళ్లు కట్టుకుంటున్నారు. కట్టడం అయిపోయాక మిగిలిన ఇసుకలో రెండు తట్టలు ఖాళీ స్థలం మూలన పోస్తే పూలకుండీల జోలికి రావడం తగ్గుతుంది. దాన్ని శుభ్రం చేసే వంతు ముందు నాది. గోడ మీద మూత్రం చిమ్మిన చోట ఫినాయిలు పోయకండి. అది పిల్లులకు విషం, వాసన కూడా పోదు. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక వెనిగరు కలిపిన నీళ్లు చల్లితే మెరుగు.

తిండి పెట్టేవారితో, అంటే నాలాంటివారితో, కాస్త గట్టిగానే మాట్లాడాలి. తిండి పెట్టి ఆపరేషను చేయించకపోవడం దయ కాదు. అది నేనే చేశాను కాబట్టి చెప్పగలను. పాలు పోయకండి. పెద్దపిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఆ తర్వాత ఎవరి మెట్ల మీద ఏం కనిపిస్తుందో మీకు తెలుసు. పెరుగన్నంతోనూ పిల్లి బతకదు, దానికి మాంసం కావాలి. ఒకే చోట, ఒకే వేళ, అరగంటలో గిన్నె తీసేయాలి. ఐదో వీధిలో తెల్లవారుజాము నమాజు కాగానే పిల్లులకు మాంసం ముక్కలు వేసే చాచా ఉన్నారు. పిల్లిని కట్టిపడేసి ఆకలితో చంపిన స్త్రీకి పట్టిన శిక్ష గురించి ఆయన చిన్నప్పటి నుంచి విన్నారట. ఆయనను కలిసి విషయం చెబితే, ఇక నుంచి ట్యాంకు వెనక ఒక్కచోటే వేస్తానని, బోను పెట్టే వారంలో తానే కాపలా ఉంటానని అన్నారు. మన దగ్గర పిల్లిని చంపిన పాపం ఊరికే పోదనే పెద్దల మాట ఉంది. ఎవరి మాట వారు నమ్మినా, ట్యాంకు దగ్గర చేయవలసిన పని ఒకటే.

ఎలుకల గురించి కూడా నిజమే చెప్పాలి. పిల్లులుంటే ఎలుకలే ఉండవని కొందరు వాటి తరఫున వాదిస్తున్నారు. చుంచులను, చిన్న ఎలుకలను పడతాయి. కాలువల్లోని పందికొక్కులను చాలా పిల్లులు ముట్టుకోవు. లేని మేలు చెప్పి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు.

చివరగా నాలుగో వీధి వదిన అడిగిన మాట. ఆమె కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. పిల్లుల వల్ల కడుపులోని బిడ్డకు ముప్పని ఎవరో చెప్పారట, పాపం రాత్రంతా ఏడ్చిందట. అమ్మా, అది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించిన భయం. పూర్తిగా కల్పన కాదు, అందుకే జాగ్రత్త చెబుతాను. పిల్లిని చూడటం వల్లా, అది ఇంటి ముందు నుంచి నడిచిపోవడం వల్లా రాదు. పిల్లి మలంలోంచి వస్తుంది, అదీ విడిచిన వెంటనే కాదు, కనీసం ఒక రోజు గడిచాకే సోకే దశకు చేరుతుంది. కాబట్టి పెరట్లో మలం ఉంటే ఏ రోజుది ఆ రోజే ఇంట్లో మరొకరు తీసేయాలి. నువ్వు కుండీల మట్టి ముట్టుకోకు, ముట్టుకోక తప్పకపోతే చేతికి తొడుగు వేసుకో. ఆకుకూరలు బాగా కడగండి. మాంసం బాగా ఉడికించండి, ఎందుకంటే సరిగా ఉడకని మాంసం నుంచి కూడా ఇది వస్తుంది. ఇంకా అనుమానం ఉంటే కాన్పు చేసే డాక్టరమ్మను అడుగు, నేను తోడు వస్తాను.

అధ్యక్షా, ఆదివారం తీర్మానంలో "ఘాటు దాటించి వదిలిపెట్టాలని" అన్న మాట కొట్టివేసి, "ఆపరేషను, టీకా చేయించి అక్కడే వదలాలని" రాయమని నా విన్నపం. లెక్కలు సంక్రాంతి తర్వాత సమావేశంలో నేనే చదువుతాను. పట్టినవి ఎన్ని, చేయించినవి ఎన్ని, ఖర్చు ఎంత, రాత్రి అరుపులు ఏ వీధిలో తగ్గాయి, ఏ వీధిలో తగ్గలేదు, అన్నీ చదువుతాను. తగ్గకపోతే అందరి ముందూ ఒప్పుకుంటాను.

బోను శనివారం సాయంత్రానికి మా ఇంటికి చేరుతుంది. పాత తీర్మానం పుస్తకం కార్యదర్శి గారి బీరువాలో ఉంటుంది. దయచేసి ఆదివారం దాన్ని తీసుకురండి. ఆరేళ్ల కిందటి పేజీ తెరిచి, ఆ కూనలకు, మనకు ఏం జరిగిందో దాని కింద నాలుగు వాక్యాలు రాసి, కొత్త తీర్మానానికి మొదటి సంతకం నేను పెడతాను.

ఇట్లు,
మీ ఒకటో వీధి నర్సమ్మ,
కడప